తమ్ముడి మొదటి సంవత్సరం కూడికలో సాక్ష్యం చెప్పమంటున్నారు. నా దగ్గర నిరీక్షణ లేదు, ఏం చెప్పాలి?

కీబోర్డ్_బాపట్ల
వచ్చే నెల మా తమ్ముడి జ్ఞాపకార్థ కూడిక. బైక్ యాక్సిడెంట్. ఇరవై నాలుగేళ్లు వాడికి. నిన్న అయ్యగారు ఇంటికొచ్చి "అన్నవి నువ్వే, సాక్ష్యం నువ్వే చెప్పాలి. దేవుడు మీ కుటుంబాన్ని ఎలా ఆదరించాడో సంఘానికి తెలియాలి" అన్నారు. తలూపేశాను. ఆయన వెళ్లాక కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క లైను కూడా రాలేదు.

ఉన్నమాట చెప్పాలంటే ఆదరణ ఏమీ కలగలేదు. ఆదివారం కీబోర్డ్ వాయిస్తాను. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి, పాట మాత్రం నోట్లోంచి రాదు. అమ్మ గుడికి రావడమే మానేసింది. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన "మంచి పువ్వుల్నే దేవుడు ముందు కోసుకుంటాడమ్మా" అన్నాడు. అప్పటి నుంచి ఎవరు వచ్చినా లోపలి గదిలోకి వెళ్లిపోతోంది.

ఇంకో సంగతి. పోలీసులు వాడి ఫోన్ తిరిగి ఇచ్చినప్పుడు వెనక కవర్‌లో డిసెంబర్ 31 రాత్రి గుడిలో తీసుకున్న వాగ్దానం కార్డు, అదే కొత్త ఏడాదికని ఒక్కొక్కరికీ వచ్చే వచనం, కనబడింది. "దీర్ఘాయువుచేత అతనిని తృప్తిపరచెదను." కీర్తన 91:16. చుట్టూ గులాబీల బార్డర్, కింద సంఘం పేరు, ఒక మూల తడిసి ఉబ్బింది. ఏం చేయాలో తెలియక బీరువాలో బట్టల కింద పెట్టాను. అమ్మకి చెప్పలేదు.

దేవుడు లేడని నేను అనడం లేదు. అబద్ధం ఆడకుండా మైకు ముందు ఏం మాట్లాడొచ్చో చెప్పండి చాలు.

హల్లెలూయ_77
బ్రదర్, మీ బాధ అర్థమైంది. కానీ "నా దగ్గర నిరీక్షణ లేదు" అని మీ నోటితో మీరే ఒప్పుకోకండి. జీవమరణములు నాలుక వశము, సామెతలు 18:21. మైకు పట్టుకుని విశ్వాసంతో పలకండి, ధైర్యం దాని వెనకే వస్తుంది. రోమా 8:28 (దేవుణ్ని ప్రేమించేవాళ్లకి సమస్తమూ మేలుకే జరుగుతుందని), యిర్మీయా 29:11 (మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే, హానికి కాదని) ఎత్తి చెప్పండి.

చివరి_బెంచీ
వెనకే వస్తుందని ఏడాదిగా చూస్తున్నాడు కదన్నా పాపం.

ప్రశ్నల_తోమా
నేను గుడి మానేసి చాలా కాలమైంది, కాబట్టి నా మాట ఎంత పట్టించుకోవాలో మీ ఇష్టం. ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి దీర్ఘాయువు కార్డు వచ్చింది. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా రోమా 8:28 చెప్పమంటున్నారు. కార్డు పని చేస్తే సాక్ష్యం, చేయకపోతే మౌనం. ఈ లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అయ్యగారి_అమ్మాయి
తోమా గారూ, కార్డుల విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. మా ఇంట్లో డిసెంబర్ వచ్చిందంటే ఆ కార్డులు కత్తిరించే పని మాదే. భయపెట్టే వచనం ఒక్కటీ ఉండదు అందులో. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న కార్డు ఎవరికైనా వచ్చిందా ఎప్పుడైనా? అది కూడా బైబిలే కదా, కీర్తన 88 చివరి మాట.

91వ కీర్తన గురించి ఒకటి చెప్పాలి. మత్తయి 4లో దేవాలయ శిఖరం మీద నిలబెట్టి ఇదే కీర్తనలోంచి 11, 12 వచనాలు యేసుకి చదివి వినిపించింది ఎవరు? అపవాది. "దూకు, దూతలు పట్టుకుంటారు" అని. ఆయన దూకలేదు. అంటే ఆ కీర్తనని గ్యారంటీ కార్డులా వాడటాన్ని ఆయనే ఒప్పుకోలేదు. తమ్ముడి కార్డు అబద్ధమైందని మీరు మోయక్కర్లేదు, దాన్ని అలా పంచినవాళ్లే ఆలోచించుకోవాలి. (మా నాన్నతో సహా. ఈ మాట ఆయనతోనూ అన్నాను, కాఫీ తాగుతూ విన్నారు, మరుసటి ఏడాదీ కార్డులు కొట్టించారు.)

చివరి_బెంచీ
😄 ప్రింటర్‌కి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సాక్ష్యం సంగతి తర్వాత చూద్దాం. బాపట్ల తమ్ముడూ, అమ్మగారు తింటున్నారా? రాత్రి పడుకుంటున్నారా? నువ్వు?

ఏలీయా కథ మనం కర్మెలు కొండ మీద అగ్ని దిగడం దగ్గరే ఆపేస్తాం. తర్వాతి అధ్యాయం, 1 రాజులు 19 చదువు. అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అంటాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. ఇంకోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండకు నడవడం, దేవుడితో మాటలు, అదంతా ఆ తర్వాత. వార్డులో మేం చేసేది కూడా అదే వరస.

దుఃఖం జబ్బు కాదు. కానీ ఏడాది దాటబోతున్నా తిండి, నిద్ర దారిలో పడకపోతే, బతకడం ఎందుకన్న మాట నోట్లోంచి వస్తుంటే, ప్రార్థనతో పాటు డాక్టర్ కూడా కావాలి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పర్వాలేదు.

కీబోర్డ్_బాపట్ల
అక్కా, అమ్మ ఒంటిపూటే తింటోంది. తెల్లవారుజామున మూడింటికి లేచి వరండాలో కూర్చుంటుంది. డాక్టర్ అంటే "నాకేం పిచ్చా" అంటుంది. మందులు వేసుకుంటే విశ్వాసం లేనట్టని సంఘంలో ఎవరో చెప్పారట.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆ చెప్పినావిడ బీపీ బిళ్ల వేసుకుంటుందేమో కనుక్కో. పౌలు తిమోతికి కడుపు జబ్బుకి ప్రార్థన చేస్తానని రాయలేదు, ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మని రాశాడు. 1 తిమోతి 5:23.

చివరి_బెంచీ
బైబిల్ మొత్తంలో మా బాబాయికి కంఠతా వచ్చిన వచనం అదొక్కటే.

మోడరేటర్
నవ్వుకోండి కానీ దారం పక్కకి పోనివ్వకండి. 14416 సంగతి పైన పిన్ చేశాను.

ఒంగోలు_గిత్త
నిరీక్షణ లేని చోట ఏం జరిగిందో మా ఊరే సాక్ష్యం. తెలుగు మిషన్‌కి ఏళ్ల తరబడి ఫలితం లేక అమెరికా బాప్టిస్టులు 1853లో మూసేద్దామా అన్నారు. అలాంటి సమయంలో 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, మరి కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటాం. తర్వాత క్లౌ దొర వచ్చాడు, 1876-78 కరువు వచ్చింది, బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనికి కూలీలను పెట్టి జనాన్ని బతికించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇలాంటిది చెప్పండి బ్రదర్, సంఘం లేచి నిలబడుతుంది.

మెదక్_మెట్లు
ఒంగోలు చెప్పాక మేం ఊరుకుంటామా. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువులో మిషనరీ పోస్నెట్ దొర ఊరికే అన్నం పెట్టకుండా పని ఇచ్చి తిండి పెట్టాడు. ఆ పనిలోంచి లేచిందే మా మెదక్ చర్చి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ. ఆకలితో ఉన్నవాళ్లు మోసిన రాళ్లవి.

ప్రశ్నల_తోమా
రెండూ గొప్ప చరిత్రలే, కాదనను. అడిగేది ఒక్కటే. కాలువ పని దొరక్కుండా దారిలోనే పడిపోయినవాళ్ల సాక్ష్యం ఏ కూడికలో చెప్పారు? ఈ తమ్ముడి ఇల్లు ప్రస్తుతం ఆ పక్క ఉంది. 2,222 అన్న అంకె వాళ్లమ్మకి ఏం చెప్తుంది?

ఒంగోలు_గిత్త
అన్నిటికీ అడ్డం తిరిగితే ఇంక ఏం చెప్పాలండీ.

దివిసీమ_తాతయ్య
గిత్తా, కోపం తెచ్చుకోకు. ఆ అబ్బాయి అడిగింది న్యాయమే. నేను చూసింది చెప్తాను.

1977 నవంబర్ 19, శనివారం. ఉప్పెన వచ్చిన రోజు. నేను హైస్కూలు పిల్లవాడిని. పదివేల మందికి పైగా పోయారు, మా పేట సగం ఖాళీ అయింది. మా చెల్లి, మా నాయనమ్మ పోయారు. మర్నాడు ఆదివారం. గుడి లేదు, గంట లేదు, కొట్టేవాడూ లేడు.

నెల తిరిగేసరికి క్రిస్మస్. నక్షత్రం కట్టాలా వద్దా అని పేటలో పెద్ద తగవు. కడదామన్నవాళ్లు సహాయం కింద వచ్చిన బట్టల మూటల్లోంచి ఒక ఎర్ర చీర చింపి, వెదురు బద్దలకి చుట్టి, లోపల లాంతరు పెట్టి కట్టారు. మా నాన్న ఆ పక్కకే వెళ్లలేదు. "ఎవరికి చూపిస్తారా దారి" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు గుడి మెట్టు ఎక్కలేదు.

ఇందులో నేను చెప్పదలచుకున్న మనిషి వేరే. మా సంఘపెద్ద ఒకాయన. ఆయనకీ ఇద్దరు పిల్లలు పోయారు. ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు. బైబిల్ చంకలోనే ఉండేది, తెరిచేవాడు కాదు. అరుగు మీద మా నాన్న పక్కన కూర్చుని చుట్ట వెలిగించేవాడు. వల సంగతి, వరి సంగతి మాట్లాడి లేచి పోయేవాడు. "గుడికి రా" అని ఒక్కసారి కూడా అనలేదు. మా నాన్న మళ్లీ ఎందుకు వెళ్లాడో ఎవరికీ చెప్పలేదు. నేను మాత్రం ఆ అరుగు వల్లేనని అనుకుంటాను. నిరీక్షణ అంటే నాకు గుర్తొచ్చేది ఆ చుట్ట వాసనే, ఏం చెయ్యను.

చివరి_బెంచీ
తాతయ్యా 🙏 జోకు వేద్దామని వచ్చాను, వేయలేకపోతున్నా.

కువైట్_కడప
తాతగారి మాటకి నాదొకటి కలుపుతా. మా నాయన పోయినప్పుడు నాకు లీవు దొరకలే. భూస్థాపన మొత్తం వీడియో కాల్‌లో చూసినా, మట్టి వేసేటప్పుడు సిగ్నల్ పోయింది. ఇక్కడ మాకు ఆరాధన శుక్రవారం. ఆ శుక్రవారం పోలే, తర్వాతా పోలే. రూములో ఉండే మావాళ్లు ఆరాధన ముగించుకొని వచ్చి నా మంచం పక్కనే ప్రార్థన పెట్టుకునేవాళ్లు. నేను దుప్పటి కప్పుకొని గోడ తిక్కు తిరిగి పడుకునేవాణ్ని. నన్ను లేపలే.

మార్కు 2లో పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించుతారు గదా. అక్కడ "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంది. మంచం మీద ఉన్నోడి విశ్వాసం సంగతి ఎవరూ అడగలే. బాపట్ల అన్నా, ఈ ఏడాది నువ్వు మంచం మీద ఉన్నావు. మోసే పని సంఘానిది. నిన్నే మైకు దగ్గరికి నడవమంటే ఎట్ల?

హల్లెలూయ_77
అందరూ కలిసి నన్ను విలన్‌ని చేస్తున్నారు, పర్వాలేదు. నా భార్యకి క్యాన్సర్ అని తెలిసినప్పుడు ఆ వచనాలే పట్టుకుని నిలబడ్డాను. కీమోకి వెళ్లే దారి పొడవునా బస్సులో గట్టిగా పలికేవాళ్లం, పక్కవాళ్లు చూసినా సరే. పలకకపోతే నేను కూలిపోయేవాడిని. ఆమె బతికింది. బతక్కపోయినా పలికేవాడినే అనుకుంటున్నాను. కాబట్టి వచనం పలకడం నటన అని ఎవరూ అనొద్దు.

అయ్యగారి_అమ్మాయి
77 గారూ, మీకు అది ఊతకర్ర అయింది, సంతోషం. ఇంకొకరి చేతికి అదే ఇచ్చి నడవమంటేనే చిక్కు.

యిర్మీయా 29:11 మనం ఎక్కువగా వాడతాం కదా, దాని పై వచనం చూడండి. "డెబ్బది సంవత్సరములు" అయ్యాక తిరిగి రప్పిస్తానని ఉంది. బబులోనుకు చెరపట్టబడినవాళ్లకి రాసిన ఉత్తరం అది. విన్నవాళ్లలో చాలామంది యెరూషలేము మళ్లీ చూడకుండానే పోయి ఉంటారు. వాళ్లకి దేవుడు చెప్పింది ఏమిటంటే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి. వచ్చే వారమే అంతా చక్కబడుతుందని కాదు.

మా నాన్న ఎన్ని భూస్థాపనలు చేశారో లెక్క లేదు. చిన్నపిల్లల పెట్టె మోసిన రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటారు. ఆ ఇంట్లో పెరిగాక నాకు అర్థమైంది ఒకటుంది. సంఘం మిమ్మల్ని సాక్ష్యం అడిగేది మీ కోసం కాదు. వాళ్లకి భయం. మీ తమ్ముడికి జరిగింది రేపు వాళ్ల పిల్లాడికి జరగొచ్చు. మీరు నవ్వుతూ "దేవుడు ఆదరించాడు" అంటే ఆ రాత్రి వాళ్లకి నిద్ర పడుతుంది. ఆ బాధ్యత మీది కాదు.

కీబోర్డ్_బాపట్ల
ఇది చదివాక కాసేపు బయటికి వెళ్లి వచ్చాను. ఎవరూ ఇలా చెప్పలేదు.

ఆరో_వరుస
సండే స్కూల్ టీచర్‌ని. ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ అన్న చనిపోయిన ఇల్లు, తమ్ముడు చనిపోయిన ఇల్లు అనగానే గుర్తు రావాల్సింది బేతనియలో లాజరు చనిపోయిన ఇల్లు కదా, మార్త, మరియ అతని అక్కచెల్లెళ్లు. యోహాను 11. మార్త ఎదురెళ్లి మొట్టమొదట అన్న మాట "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును." మరియ వచ్చి అక్షరం పొల్లు పోకుండా అదే అంది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఇద్దరూ అదే అనుకుని ఉంటారు. ఫిర్యాదే అది. ఆయన "నీ నోటితో నెగెటివ్ మాట్లాడకు" అనలేదు. ఒకరితో మాట్లాడాడు, ఇంకొకరితో కలిసి ఏడ్చాడు.

ప్రశ్నల_తోమా
వాళ్ల తమ్ముడు నాలుగో రోజు లేచాడు టీచర్ గారూ. అక్కడే నాకు కథ తెగిపోతుంది.

ఆరో_వరుస
లేచిన లాజరు మళ్లీ చనిపోయాడు కదండీ. ఆ ఇద్దరూ రెండోసారి కూడా ఏడ్చే ఉంటారు, లేదా వాళ్లే ముందు పోయారేమో. కాబట్టి లాజరు లేవడమే మొత్తం నిరీక్షణ అయితే అది కొన్నేళ్ల ముచ్చటే. పౌలు కూడా అదే అంటాడు, ఈ జీవితకాలము మట్టుకే నిరీక్షిస్తే మనకన్నా దౌర్భాగ్యులు లేరని, 1 కొరింథీ 15:19. మన నమ్మకం ఆఖరున పునరుత్థానం మీద నిలబడింది. అది రుజువు చూపించి మిమ్మల్ని ఒప్పించగలిగేది కాదు, నాకు తెలుసు.

ఒకటి ఆలోచించండి. ఆస్తి, పిల్లలు అంతా పోగొట్టుకున్న యోబు కథ చివర గొర్రెలు ఏడు వేలకి పద్నాలుగు వేలు, ఒంటెలు మూడు వేలకి ఆరు వేలు. అన్నీ రెట్టింపు. పిల్లలు మాత్రం ముందు పదిమంది, తర్వాత మళ్లీ పదిమందే. పాతకాలం బోధకులు దీనికి చెప్పే కారణం ఏమిటంటే, పోయిన గొర్రెలు పోయినట్టే, పోయిన పిల్లలు పోలేదు, కాబట్టి పదీ పదీ కలిస్తే అదీ రెట్టింపే.

ప్రశ్నల_తోమా
వినడానికి బాగుంది. ఆ మొదటి పదిమంది తల్లిని అడిగితే ఏమంటుందో. అయినా ఈ లెక్క ఇంతకు ముందు వినలేదు, ఆలోచిస్తాను.

చివరి_బెంచీ
తోమా "ఆలోచిస్తాను" అన్నాడు. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకూ బంగారం లాంటి మనుషులు. ఎనిమిదో రోజు మాట్లాడటం మొదలుపెట్టారు, అక్కడ చెడింది. చివరికి దేవుడు కూడా తప్పు పట్టింది వాళ్లనే, తిట్టుకుని ఏడ్చిన యోబును కాదు. "పువ్వులు కోసుకుంటాడు" అన్న పెద్దాయనకి ఎవరైనా యోబు 42:7 పంపండి.

కీబోర్డ్_బాపట్ల
ఇవాళ అయ్యగారి దగ్గరికి వెళ్లాను. సాక్ష్యం చెప్పలేనని, చెప్పడానికి ఏమీ లేదని అన్నాను. కోప్పడతారనుకున్నా. కాసేపు ఊరుకుని "మరి వాక్యం చదువుతావా" అన్నారు. 88 చదువుతానన్నాను. "అంత చీకటి కీర్తన కూడికలోనా" అన్నారు. మొదటి వచనంలో "నాకు రక్షణకర్తవగు దేవా" అనే మొదలైంది కదండీ, తిట్టినా ఆయన్నే పిలిచి తిడుతున్నాడు అన్నాను. ఆయన బైబిల్ తెరిచి మొత్తం చదివారు, తర్వాత కళ్లజోడు తుడుచుకున్నారు. ఒప్పుకున్నారు. దాని తర్వాత యోహాను 11, 17 నుంచి 37 దాకా. ప్రసంగం పావుగంటే.

కార్డు సంగతి కూడా చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు.

అమ్మకి కూడికకి రమ్మని చెప్పలేదు. డాక్టర్ దగ్గరికి మాత్రం మా పిన్ని తీసుకెళ్తానంది, "నా మోకాళ్లు చూపించుకోవాలి, తోడు రా అక్కా" అని వంక పెట్టి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పిన్నికి నా తరఫున చేతులెత్తి దండం.

హల్లెలూయ_77
37 దగ్గర ఆపితే ఎలా బ్రదర్? 44 దాకా చదవండి. సమాధి దగ్గరికి తీసుకెళ్లి రాయి తీయకుండా తిరిగొస్తారా?

ఆరో_వరుస
77 గారితో ఈసారి నేను ఒప్పుకుంటాను. కానీ చదివేది మీరే కానక్కర్లేదు. 38 నుంచి ఇంకెవరైనా అందుకోవచ్చు.

కువైట్_కడప
అదే కరెక్ట్. మిగతాది వేరేవాళ్లు మొయ్యాల.

కీబోర్డ్_బాపట్ల
అది బాగుంది. అయ్యగారినే చదవమంటాను.

అయ్యగారి_అమ్మాయి
పావుగంట ప్రసంగం అని మాటిచ్చారా? మైకు సెట్ వాడికి ముందే చెప్పి ఉంచండి. అనుభవంతో చెప్తున్నా.

దివిసీమ_తాతయ్య
బాబూ, తేదీ చెప్పు. పులిగడ్డ వంతెన దాటి రేపల్లె మీదుగా వస్తే బాపట్ల ఎంతో దూరం కాదు. ఏమీ మాట్లాడను, వెనక కూర్చుంటాను.

కీబోర్డ్_బాపట్ల
రండి తాతయ్యా. మెసేజ్ పెడుతున్నాను.

మోడరేటర్
అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు మెసేజ్‌లోనే, ఇక్కడ వద్దు. దారం తెరిచే ఉంచుతున్నాను.

చివరి_బెంచీ
భోజనాలు ఉన్నాయా? తాతయ్య వస్తే నేనూ వస్తా, చీరాల నుంచి రైల్లో. వంటాయనకి ఇద్దర్ని ఎక్కువ రాయించు.